మా అత్తగారు వెనక్కి తీసుకున్న సాక్ష్యం

సహోదరులారా, సహోదరీలారా, మా అత్తగారు శాంతమ్మగారి జ్ఞాపకార్థ కూడికకు పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ వందనాలు. నా జబ్బు గురించి ఇప్పటికి రెండుసార్లు సాక్ష్యం చెప్పారు, రెండుసార్లూ చెప్పింది ఆవిడే, నేను ఒక్కసారీ నోరు విప్పలేదు. మొదటిది మీకందరికీ బాగా గుర్తుండే ఉంటుంది, ఎందుకంటే ఆ రోజు ప్రేమవిందులో కోడికూర వడ్డించారు. రెండోదాన్ని గుర్తు చేసుకోవడం చాలామందికి ఇష్టం ఉండదు, ఇక్కడ ముందు వరసలో కూర్చున్న పెద్దల్లో కొందరికి అసలే ఇష్టం ఉండదు, కానీ నేను ఈవేళ ఊపిరితో ఈ మైకు ముందు నిలబడ్డానంటే అది ఆ రెండో సాక్ష్యం వల్లే. అందుకని ముందు ఆ చీకటి రోజుల దగ్గర మొదలుపెడతాను, కొంచెం ఓపిక పట్టండి.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. చంకలో చంటిపిల్ల, ఇంకా పాలు తప్ప వేరే ఏదీ ఎరగదు. మా ఆయన డేనియేలు నరసాపురం రేవులో పంటు మీద పని చేసేవారు, పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా గోదావరికి అటూ ఇటూ మనుషుల్నీ సైకిళ్ళనీ దాటించడమే ఆయన పని. ఇంట్లో నేనూ అత్తగారూ లేసు అల్లేవాళ్ళం. నేను విడి పువ్వులు అల్లితే ఆవిడ వాటన్నిటినీ ఒకదానికొకటి అతికి బల్లగుడ్డ చేసేవారు, నా అల్లిక వదులుగా ఉంటే మళ్ళీ విప్పించేవారు, అల్లినంతసేపూ కీర్తనలు పాడించేవారు. కోడలిగా నాకు ఆవిడంటే భయమూ ఉండేది, ఆవిడ పక్కన కూర్చుంటే ధైర్యమూ ఉండేది.

ఆ వానాకాలంలో ఒక మధ్యాహ్నం అలవాటు ప్రకారం దారాన్ని పంటితో తెంపబోతే కుడివైపు కింది దవడ పన్ను కదిలింది. నొప్పి లేదు, కదిలిందంతే. నాలుగు రోజులు పోయాక దాని చుట్టూ చిగురు ఉబ్బింది. పట్నంలో పళ్ళ డాక్టరు గారు ఆ పన్ను పీకేశారు, పీకిన చోట గుంట పూడాల్సింది పోయి మెత్తగా కండ పెరిగింది, పక్క పన్ను కూడా కదలడం మొదలైంది. బుగ్గ బయటికి ఉసిరికాయంత లేచింది, ఇంకొన్నాళ్ళకు నిమ్మకాయంత అయింది. అన్నం నమలలేక గంజి తాగేదాన్ని. పిల్లకు పాలిస్తూ తల దించితే దవడ బరువుకి కళ్ళు తిరిగేవి.

అత్తగారు శుక్రవారం ఉపవాస కూడిక మా ఇంట్లోనే పెట్టించారు. మన పాస్టరు అయ్యగారు నూనె రాసి ప్రార్థించారు, వారి భార్య అమ్మగారూ సంఘంలో ఆడవాళ్ళూ మా వసారా నిండా మోకరించి కన్నీళ్ళతో మొరపెట్టారు. అదే వారంలో మా పేటకు సైకిల్ మీద వచ్చే డాక్టరు గారు వాపు తగ్గడానికని సూదులు చేసి, చిన్న చిన్న తెల్లని మాత్రలు ఇచ్చి వెళ్ళారు. ఏమని చెప్పను సహోదరులారా, చూస్తుండగానే ఆ వాపు కరిగిపోయింది, బుగ్గ మామూలు బుగ్గయింది, నేను అద్దంలో చూసుకుని ఏడ్చాను. ప్రార్థనా, మాత్రలా అని మాలో ఎవరూ అడగలేదు, అడగాలని కూడా తోచలేదు.

మన దగ్గర ఒక మాట ఉంది కదా, మేలు పొంది సంఘంలో నోరు విప్పకపోతే ఆ మేలు నిలవదని. అత్తగారు ఆదివారం దాకా ఆగడమే కష్టమైంది. ఆవిడ గొంతుకి మైకు దండగ, మీకు తెలుసు. నన్ను పక్కన నిలబెట్టుకుని, నా ముసుగు తొలగించి, ఈ చెంపా ఆ చెంపా మీ అందరికీ చూపించి, పన్ను కదిలిన దగ్గర్నుంచీ మొత్తం చెప్పి, దేవునికే మహిమ అని చేతులెత్తితే మందిరమంతా ఏడ్చింది. ఆ రోజు కాలువ అవతలి రైతుల ఇంటి నుంచి సరస్వతిగారు కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడి విన్నారు. వాళ్ళది నిష్ఠగా పూజలు చేసుకునే ఇల్లు, కానీ భర్తకు పక్షవాతం వచ్చి మంచాన ఉన్నారు, ఎక్కడ ఆశ కనబడితే అక్కడికి వెళ్ళే స్థితిలో ఉన్నారావిడ. ఆ ఆదివారం నుంచి వరసగా వచ్చి వెనక చాప మీద కూర్చునేవారు. మా కోడలి స్వస్థత ఒక కుటుంబాన్నే ప్రభువు దగ్గరికి తెచ్చిందని అత్తగారు నేల మీద నడవలేదు.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టయింది మా పని. ఆ తెల్ల మాత్రలు అయిపోయాయి. కొన్నాళ్ళకు పిల్లకు పాలిస్తుంటే కుడి రొమ్ములో కందిగింజంత ఏదో తగిలింది. చూస్తూ చూస్తూ ఉండగానే అది బాదంకాయంత అయింది. దవడ మళ్ళీ లోపల్నుంచి లేస్తోంది. కడుపు కింద భాగం ఎప్పుడూ రాయి మోస్తున్నట్టుండేది. చిగురు ఒక బాధ, రొమ్ము ఇంకో బాధ, కడుపు మూడో బాధ అనుకున్నానే గానీ ఆ మూడూ ఒక్కటేనని నేను ఎలా అనుకుంటాను? దవడకీ పొత్తికడుపుకీ ఏం సంబంధం ఉంటుంది?

చెబుదామా అంటే ఎవరికి చెప్పాలి? సాక్ష్యం అయిపోయింది, విందు అయిపోయింది. తగ్గిందని సంఘంలో చెప్పాక మళ్ళీ వచ్చిందని నోటితో అంటే సాతానుకు చోటిచ్చినట్టేనని పెద్దలు చెప్పగా చిన్నప్పటి నుంచీ విన్నాను. ముసుగు కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుని, ఎడమ దవడతో మెత్తటి అన్నం నములుతూ, అన్నం ఎక్కువై నిద్రొస్తోందని చెప్పి పడుకునేదాన్ని. మా ఆయన పంటు మీంచి వచ్చేసరికి దీపం కూడా తగ్గించి ఉంచేదాన్ని.

అత్తగారికి తెలుసు. పిల్ల కుడివైపు నోరు పెట్టి, పాలు రాక మొహం తిప్పుకుని ఏడుస్తుంటే ఆవిడే వచ్చి చెయ్యి పెట్టి చూశారు. ఆ చెయ్యి అక్కడ కాసేపు ఆగిపోయింది. "పాలగడ్డమ్మా, తగ్గిపోద్ది" అన్నారు. గోరువెచ్చని గుడ్డ కాపడం పెట్టారు, తర్వాత మల్లెపూలు తెచ్చి కట్టారు. మా ఇళ్ళలో బాలింతలకు పాలు ఎండడానికి కట్టే పూలవి. పాలగడ్డకు పూలు కట్టరని మా ఇద్దరికీ తెలుసు, అయినా ఆవిడ కట్టారు, నేను కట్టించుకున్నాను. ఇప్పటికీ మా గుమ్మంలోకి మల్లెపూలు రానివ్వను. ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని లేసు అల్లుకుంటూ, ఒకే సంగతి మనసులో పెట్టుకుని, ఇద్దరం కీర్తనలు పాడుకున్నాం.

అంతలో పట్నంలో ఉజ్జీవ సభలు వచ్చాయి. చుట్టుపక్కల సంఘాలన్నీ కలిసి పందిరి వేసి పెట్టే పెద్ద సభలు. శాంతమ్మగారు కోడల్ని తీసుకుని వేదిక మీద సాక్ష్యం చెప్పాలని అయ్యగారు కబురు పెట్టారు. గోరుచుట్టు మీద రోకటిపోటు. అత్తగారు తెల్లచీర ఉతికి గంజి పెట్టి సిద్ధం చేసుకున్నారు కానీ ఆ వారమంతా ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడని శాంతమ్మగారిని చూసి మా పేటలో జనం ఆవిడకు జ్వరమేమో అనుకున్నారు.

సాయంత్రం సభలో మా పేరు పిలిచారు. నాకు ఒళ్ళు కాలిపోతోంది. మెట్లెక్కుతుంటే ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు, మైకు ముందుకు వెళ్ళాక కూడా వదల్లేదు. కింద జనం అప్పుడే హల్లెలూయ అంటున్నారు, కీబోర్డు ఆయన మెల్లగా వాయించడం మొదలుపెట్టాడు. సరస్వతిగారు ఆడవాళ్ళ వైపు మొదటి వరసలో కూర్చుని ఉన్నారు. అత్తగారు ఆవిడ వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుని అన్న మాటలు నాకు ఈనాటికీ పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"అయ్యగారండి, సంఘం వారండి, నేను మొన్న మందిరంలో చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసేసుకుంటన్నానండి. మా కోడలికి తగ్గలేదు. దవడ మళ్ళీ వాచింది, రొమ్ములో గడ్డుంది, కడుపు పట్టుకుని నడుస్తంది. నాకు తెలుసండి. తెలిసే పాలగడ్డని చెప్పాను. దేవుడు మాట తప్పలేదండి, నేనే తొందరపడ్డాను."

కీబోర్డు ఆగిపోయింది. ఆవిడ అక్కడే, ఆ చెక్కల మీదే నా చెయ్యి వదలకుండా మోకరించి ప్రార్థన చేశారు, గట్టిగా కాదు, ఎప్పుడూ చేసేటట్టు అసలే కాదు.

"ప్రభువా, నీ పేరు పాడైపోద్దని భయపడి ఈ పిల్లని దాచిపెట్టాను. నీ పేరు నువ్వు కాపాడుకోగలవు, దానికి నేనక్కర్లేదు. ఈ పిల్లని కాపాడుకోవడం నాకు చేతకావడం లేదయ్యా. తోవ చూపించు."

ఒక పెద్దాయన వచ్చి ఆవిడ చేతిలోంచి మైకు తీసుకుని, విశ్వాసంలో బలహీనులైనవారి కోసం ప్రార్థిద్దాం అన్నారు. అయ్యగారు తల వంచుకుని కూర్చుండిపోయారు. కింద ఎవరో నవ్వారు, ఎవరో ఏడ్చారు. నా మటుకు నాకు, ఏం చెప్పమంటారు, ఎన్నాళ్ళుగానో బిగబట్టిన ఊపిరి వదిలినట్టయింది, సిగ్గు కూడా వెయ్యలేదు. అప్పుడు అయ్యగారి భార్య, మన అమ్మగారు, వరసలోంచి లేచి వేదిక మీదకు వచ్చి నా ముసుగు తీసి దవడ చూసి, మళ్ళీ కప్పి, "రేపు పొద్దున్న బండికి బయల్దేరదామమ్మా, నేనూ వస్తాను" అన్నారు. ఆ సభల్లో నేను విన్న ప్రసంగం అదొక్కటే.

అత్తగారూ అమ్మగారూ నేనూ నిడదవోలులో బండి మారాం. రాజమండ్రి వంతెన మీద ఆడవాళ్ళంతా కిటికీల్లోంచి గోదావరిలోకి చిల్లర విసురుతుంటే నేను అమ్మగారి ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాను, సామర్లకోట దాటేసరికి నాకు స్పృహ సరిగా లేదు. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో చిగురులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు, కడుపు స్కానింగు తీశారు. తర్వాత ఒక డాక్టరమ్మగారు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు.

"ఇవి మూడు జబ్బులు కాదమ్మా, ఒక్కటే. లింఫోమా అనే క్యాన్సరు. మామూలుగా మెడలోనో చంకలోనో బిళ్ళలు కడుతుంది. నీకు చిగురులో, రొమ్ములో, అండాశయంలో వచ్చింది, అందుకే ఎవరూ పోల్చుకోలేకపోయారు. చాలా వేగంగా పెరిగే రకం. ఇంకొన్నాళ్ళు ఆగుంటే నేను చెయ్యడానికి ఏమీ మిగిలేది కాదు."

మధ్యలో తగ్గింది కదండీ అని అత్తగారు అడిగారు. ఏం మందులు వాడారని డాక్టరమ్మగారు ఆరా తీసి, ఆ తెల్ల మాత్రల లాంటివాటికి ఈ గడ్డ కొన్నాళ్ళు కరిగిపోయినట్టే కనబడుతుందనీ, మానేశాక మళ్ళీ రెట్టింపు లేస్తుందనీ చెప్పారు. అత్తగారి ముఖం నేను చూడలేకపోయాను.

అక్కడి రోజుల గురించి పొడుగ్గా చెప్పను, విన్నవాళ్ళు మందుకు భయపడతారు. సీసాల్లోంచి నరంలోకి ఎక్కించే ఎర్రమందు, వాంతులు, నోరంతా పుళ్ళు, నడుములో సూదులు. జుట్టు దిండు మీద ఉండిపోయేది. నా పాలు ఎండిపోయాయి, ఈసారి పూలు కూడా కట్టనక్కర్లేకపోయింది. పిల్లను అమ్మగారు తన ఇంట్లో సీసాపాలతో పెంచారు. ఈ సంఘంలో ఆడవాళ్ళు వంటకు బియ్యం పోసినప్పుడల్లా దేవుడి కోసం పక్కన పెట్టే పిడికెడు బియ్యం ఆ కాలమంతా మా గిన్నెలోకి వచ్చింది, మా ఆయన వారం వారం ఆ మూట మోసుకుని వచ్చేవారు. మధ్యలో ఒకసారి ఇంటికి వస్తే నా కన్నకూతురు నా గుండు చూసి భయపడి అమ్మగారి భుజంలో మొహం దాచుకుంది. ప్రభువా, ఇంతకంటే నన్ను తీసుకుపోవచ్చు కదా అని ఆ రోజు ప్రార్థించాను. ఆ ప్రార్థన ఆయన వినలేదు.

నా పక్క మంచం మీద పోలవరం అవతల కొండ ఊరి నుంచి వచ్చిన సుగుణ అనే అమ్మాయి ఉండేది, నాకంటే చిన్నది. ఆమెదీ ఇలాంటి జబ్బే. నాకు నోరు తెరవడానికి ఓపిక లేని రోజుల్లో నా కోసం కూడా కలిపి ఆమే ప్రార్థించేది. "అక్కా, నీకు తగ్గాక మా ఊరు రావాలి" అనేది. ఆమె పోయింది. మంచం మీద దుప్పటి మార్చి వేరే మనిషిని పడుకోబెట్టారు. సహోదరులారా, ఆమె విశ్వాసం నా విశ్వాసం కంటే తక్కువని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నన్నెందుకు ఉంచాడు, ఆమెనెందుకు పిలిచాడు అంటే నా దగ్గర జవాబు లేదు, ఉందని చెప్పేవాళ్ళ మీద నాకు నమ్మకమూ లేదు. ఆ రాత్రుళ్ళు అత్తగారు నా మంచం పక్కన నేల మీద పడుకుని, నా మణికట్టు మీద చెయ్యి వేసి ఉంచేవారు. ప్రార్థన మాత్రం పైకి వినబడేలా చేసేవారు కాదు.

గడ్డలు ఒక్కొక్కటే కరిగాయి. ఇది దేవుడి కార్యమని నేను నమ్ముతాను, ఆ సీసాల్లోని ఎర్రమందు ద్వారా, ఆ డాక్టరమ్మగారి చేతుల ద్వారా, పిడికెడు బియ్యం ద్వారా ఆయనే చేశాడని నమ్ముతాను. కానీ పోయినవన్నీ తిరిగి రాలేదు. మందుల వల్ల వేళ్ళ చివర తిమ్మిరి పట్టి అలాగే ఉండిపోయింది, లేసు సూది పట్టుకుంటే ఉందో జారిపోయిందో తెలియదు. అప్పటి నుంచి అత్తగారే పువ్వులూ అల్లి, అతుకులూ వేసి, చివరికి కళ్ళు పాడుచేసుకున్నారు. మళ్ళీ నా కడుపు పండలేదు. సరస్వతిగారు ఆ సభ తర్వాత మందిరానికి మళ్ళీ రాలేదు. వాళ్ళ తోట నుంచి కొబ్బరిబొండాలు మాత్రం పంపేవారు, మనిషి రాలేదు. అత్తగారు ఆదివారం ఆదివారం ఆ వెనక చాప వైపు తిరిగి చూడడం నేను చూస్తూనే ఉన్నాను. ఆ దిగులు ఆవిడతోనే పోయింది.

ఏళ్ళు గడిచాయి. ఇంక తరచుగా రానక్కర్లేదని పెద్దాసుపత్రిలో చెప్పిన రోజున, అత్తయ్యగారండి, ఈ ఆదివారం సాక్ష్యం చెబుదామండి అని అడిగాను. "ఇంకోసారి చూపించుకొచ్చాక చెబుదాంలే" అన్నారు. మరుసటేడు అడిగితే అదే మాట. అయ్యగారు స్వయంగా ఇంటికొచ్చి అడిగినా అదే మాట. ఊరంతా వినబడేలా దేవుణ్ణి స్తుతించే మనిషి నా విషయంలో మాత్రం తగ్గిందన్న మాట నోట రానివ్వలేదు. నన్ను నిద్ర లేపగానే ముందు దవడ కింద, తర్వాత చంకలో వేళ్ళతో తడిమి చూసుకుని, ఏమీ తగలకపోతే "స్తోత్రం" అనుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళేవారు. ఆవిడ సాక్ష్యమంతా ఆ ఒక్క ముక్కే.

పోయిన వానాకాలంలో ఆవిడ గుండె బలహీనపడి మంచం పట్టారు. ఒక పొద్దున నేను గంజి తాగిస్తుంటే అలవాటుగా చెయ్యి పైకెత్తారు, దవడ దాకా రాలేదు, నేనే వంగాను. తడిమి చూశాక అన్నారు, "ఏమీ లేదమ్మా. ఇంక నువ్వు చెప్పొచ్చు. తగ్గిన సంగతొక్కటే చెప్పి కూర్చోకు, అంతా చెప్పు. నేను అన్న మాట, మళ్ళీ వెనక్కి తీసుకున్న మాట కూడా చెప్పు." మూడో రోజున ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. రేవు దగ్గర పంటు మీద నుంచి పరుగెత్తుకొచ్చిన మా ఆయన కంటే ముందే వెళ్ళిపోయారు.

అంతా చెప్పాను అత్తయ్యగారండి.

సహోదరులారా, సహోదరీలారా, ఇప్పుడు ముగించే మాట. ఈ మధ్య ఈ మైకు ముందు నిలబడి తగ్గిందని చెప్పి, చప్పట్ల మధ్య వెళ్ళి కూర్చున్నవాళ్ళు ఉన్నారు. మీలో ఎవరికైనా ఆ నొప్పి మళ్ళీ వచ్చి ఉంటే, గడ్డ మళ్ళీ తగులుతూ ఉంటే, ఇంట్లో వాళ్ళ ముందు ఎడమ దవడతో నములుతూ ఉంటే, ప్రభువు మీ మీద కోపంగా లేడు, మీ నోటి మాట తిరగబడితే ఆయన సింహాసనం కదలదు. ఆయన్ని నమ్మండి, నమ్మి నిజం చెప్పండి. కూడిక అయ్యాక నేను వెనక చాప దగ్గర ఉంటాను. ముసుగు తియ్యనక్కర్లేదు, ఏమీ చెప్పనక్కర్లేదు, వచ్చి నా మణికట్టు పట్టుకోండి చాలు. రేపు పొద్దున్న బండికి బయల్దేరదాం, నేనూ వస్తాను. దేవునికే మహిమ.